అల్లుడికి కట్టించిన నడికట్టు

ఎనభైల మొదట్లో నేను అమెరికాలో, ట్రాయ్ అనే ఊళ్ళో మా అమ్మాయి ఇంట్లో ఉండేదాన్ని. అల్లుడు దగ్గర్లోని గ్యారేజీలో కార్లు బాగుచేసేవాడు. గంటల లెక్కన కాదు, ముగించిన పనిని బట్టి జీతం. గేర్‌బాక్సులు దించడానికి చక్రాల జాకీ అక్కడ ఒక్కటే ఉండేది. దాని కోసం ఆగితే ఒక కారు పని పోయినట్టే. అందుకని పైకెత్తి నిలిపిన కారు కింద నిలబడి, గేర్‌బాక్సును గుండెలకు ఆనించుకుని ఒక్కడే దించేవాడు.

చలికాలంలో ఒక ఉదయం బూట్లు తొడుక్కోబోయి వంగినవాడు వంగినట్టే ఉండిపోయాడు.

"లీవ్ పెట్టండి," అంది అమ్మాయి.

"మళ్ళీ లీవ్ అంటే బాస్ పనిలోంచి ఫైర్ చేస్తాడు."

నేను చదివింది మూడో తరగతి. నడుము సంగతి మాత్రం నాకు తెలుసనుకున్నాను. నలుగురిని కన్నదాన్ని. ప్రతి కాన్పుకూ మా అమ్మ చీర గుడ్డతో నా నడుము బిగించి కట్టింది. డాక్టరు దండగన్నాను. పాత నేతచీర నిలువునా చింపాను. అత్తగారు అల్లుణ్ణి ముట్టుకోకూడదు కనుక గుమ్మం ఇవతల నిలబడి అమ్మాయి చేత కట్టించాను.

"ఇంకా లాగవే. అన్నం తినడంలేదా నువ్వు?"

"ఆయనకి ఊపిరాడదమ్మా!"

"బాలింతలకు ఆడలేదా?"

అల్లుడు పళ్ళు బిగించి నవ్వాడు. "ఇక బాలింతలకు పెట్టే కాయం కూడా తినిపిస్తారా అత్తయ్యగారూ?"

నొప్పి తగ్గిందన్నాడు. నేను పొంగిపోయి రోజూ కట్టించాను. కట్టు ఉందన్న ధైర్యంతో అతను జాకీ వైపు చూడడం మానేశాడు. రెండో మనిషిని సాయం పిలవడమూ మానేశాడు.

మూడో వారం గ్యారేజీ వాళ్ళు అతన్ని వ్యానులో పడుకోబెట్టి ఆసుపత్రికి తెచ్చారు. వెన్నుపూసల మధ్యనుండే మెత్తటిది జారి, కాలికి పోయే నరాన్ని నొక్కుతోందట. డాక్టరు చెప్పింది అమ్మాయి నాకు తెలుగులో చెప్పింది.

"కట్టు వల్ల బరువు తగ్గదమ్మా. నొప్పి తెలియదంతే. జాకీ కోసం ఆగాల్సింది. లేకపోతే ఇద్దరు పట్టాల్సింది."

క్షమించమనడం నాకు చేతకాదు.

"నా మాట విన్నారు కదా నాయనా," అన్నాను.

"ఎత్తింది నేను కదా అత్తయ్యగారూ."

డాక్టరు ఎడమ పాదం పైకి లేపమన్నాడు.

"లేపండి, ప్లీజ్," అంది అమ్మాయి.

"లేపాను కదా," అన్నాడతను పైకప్పు చూస్తూ.

పాదం పక్క మీద అలాగే ఉంది.