పదో ల్యాంపు

మా తాత తిరుపతయ్య ఎవరినీ నమ్మడు. ఫ్రీమాంట్‌లో మా ఇంటికి వచ్చిన మొదటి వారంలో దుకాణానికి తీసుకెళ్తే, దానంతట అదే తెరుచుకునే తలుపు ముందు ఆగిపోయి, "లోపల ఎవడో నిలబడి గుంజుతున్నడు" అన్నాడు. నాన్నకు రెండు వారాలకోసారి జీతం పడుతుందని తెలిసిన రోజు నిద్రపోలేదు. "నెల నిండకముందే లెక్క తేలుస్తున్నరంటే తీసేసే ఆలోచన ఉన్నట్టే. జర కనుక్కోరా రాధాకృష్ణా" అని పొద్దున్నే నాన్నను పట్టుకున్నాడు.

ఈ దేశంలో ఆయన అనుమానించని మనిషి ఒక్కరే. అది నేను. పాలు బాగున్నాయని అమ్మ చెబితే తాగడు, నేను ఒక గుక్క తాగి చూపిస్తే తాగుతాడు. పోస్టులో వచ్చిన కాగితం నాన్న చదివితే మళ్లీ నా చేత చదివిస్తాడు. "పూజిత అబద్ధం చెప్పదు" అని ఇంటికి వచ్చినవాళ్లందరికీ చెప్పేవాడు. నాకప్పుడు పదమూడేళ్లు. అంత నమ్మకాన్ని ఆ వయసు పిల్ల చేతిలో పెట్టకూడదని ఆయనకు ఎవరూ చెప్పలేదు.

ఆయన్ని అనకూడదు కూడా. ఇల్లందు పక్కన బొగ్గుబాయిలోకి పంతొమ్మిదో ఏట తట్ట మోయడానికి దిగాడు. పరీక్ష మూడోసారికి పాసై సర్దారు అయ్యాడు. సర్దారంటే పెద్ద దొరేమీ కాదు. షిఫ్టు మొదలయ్యే ముందు అందరికన్నా ముందుగా లోపలికి పోయి, పైకప్పును కర్రతో కొట్టి, గాలి చూసి, మనుషులు దిగొచ్చో లేదో చెప్పేవాడు. ఖంగుమంటే గట్టి కప్పు, డొల్లగా మోగితే కూలే కప్పు. ముప్పై ఒక్క ఏళ్లు జీతం తీసుకుని మరీ అనుమానించాడు. రిటైరయ్యాక జీతం ఆగిపోయింది, పని మాత్రం ఆపలేదు.

నేను కాలేజీ రెండో ఏడు కూడా దాటనిదాన్ని. నాకు తెలిసిన చరిత్ర చాలా తక్కువ. కానీ 2006 ఎండాకాలంలో ఒక శనివారం జరిగిన ఈ చరిత్ర మాత్రం నాకు బాగా తెలుసు, ఎందుకంటే అందులో దొంగను నేనే.

ఆ ముందు రోజు నాన్న ఆఫీస్ నుంచి సంబరంగా వచ్చాడు.

"బాపూ, రేపు నీ కోసం ఒక టూర్ బుక్ చేశా. కొండల్లో పాత టన్నెల్స్. హాఫ్ డే. చిన్న గ్రూపే, పది మంది. నీకు ఇష్టం కదా!"

"ఇష్టమని ఎవడన్నడురా? జీతమిచ్చిన్రు, దిగిన. పైసలిచ్చి దిగుతరా ఎవరన్న?"

"హిస్టారిక్ బాపూ. సెకండ్ వరల్డ్ వార్ టైంలో తవ్వారు."

"అప్పుడెప్పుడో తవ్విండ్రు సరే. ఇప్పుడు కప్పు ఎవడు చూస్తున్నడు?"

నాన్న దిక్కులేక నా వైపు చూశాడు. "సేఫే తాతా, నేను వెబ్‌సైట్ అంతా చదివా" అన్నాను. నేను ఒక్క ముక్క చదవలేదు. తాత లేచి తన చేతికర్ర ఎక్కడుందో చూసుకున్నాడు.

పొద్దున్నే పెద్ద వంతెన దాటి సముద్రం పక్క కొండల్లోకి వెళ్లాం. పొగమంచు ఎంత చిక్కగా ఉందంటే కారు దిగాక కారు కనిపించలేదు. మాతోపాటు ఒకే రంగు జాకెట్లు వేసుకున్న ముసలి జంట, ఇద్దరు కొడుకులతో ఒక తల్లి, ఇద్దరు కాలేజీ కుర్రాళ్లు ఉన్నారు. గైడ్‌కు పెద్ద టోపీ, నడుముకు తాళంచెవుల గుత్తి, మీసాలు. తాత ఆయనకు వెంటనే 'టోపీ దొర' అని పేరు పెట్టాడు. టోపీ దొర చెప్పేది నాన్న తెలుగులో చెబుతూ వచ్చాడు.

"జపాన్ షిప్స్ వస్తాయని ఇక్కడ గన్స్ పెట్టారంట బాపూ. గుండ్లు దాచడానికి ఈ టన్నెల్స్ అంట."

"వచ్చినయా ఓడలు?"

"రాలేదంట."

తాత కొండను కిందినుంచి మీదికి ఒకసారి చూశాడు. "రానోళ్ల కోసం ఇంత కొండ తొలుస్తరా? లోపల బొగ్గు పడి ఉంటది. చెప్తలేరు."

ఇనుప తలుపు ముందు ఒక చెక్క పెట్టె ఉంది. అందులోంచి టోపీ దొర మనిషికొక పసుపు రంగు టార్చిలైటు ఇచ్చాడు. పది మందికి పది. తాత తనదాన్ని తిప్పి తిప్పి చూశాడు.

"నంబరేది?"

"టార్చికి నంబరెందుకు తాతా?"

"పిచ్చిదానా, బాయిల ఎవని ల్యాంపు నంబరు వానిదే. దిగేటప్పుడు తీసుకోవాలె, ఎక్కినంక అప్పజెప్పాలె. ల్యాంపులన్ని రూముకొస్తే మనుషులందరు పైకొచ్చినట్టు. ఒక్కటి తక్కువైనా షిఫ్టు అయిపోనట్టే." తర్వాత నాన్నతో, "వీనికి పని తెల్వదురా" అన్నాడు.

లోపల చల్లగా, తడిగా ఉంది. నాలుగడుగులు వేశాడో లేదో తాత కర్రతో గోడ కొట్టాడు. టోపీ దొర గిరుక్కున వెనక్కి తిరిగాడు. గోడలు ముట్టుకోవద్దని మర్యాదగానే చెప్పాడు. తాత తల ఊపి, ఆయన అటు తిరగగానే పైకప్పు కొట్టాడు. ఇక అప్పటినుంచి టోపీ దొర ముందు నడవడం మానేసి, సరిగ్గా తాత వెనకే నడుస్తూ వివరాలు చెప్పడం మొదలుపెట్టాడు. ఇంగ్లీషు రాని ముసలాయన మిలిటరీ సొరంగాన్ని అంగుళం అంగుళం కొట్టి చూస్తుంటే ఎవరికి మాత్రం అనుమానం రాదు? తాతకూ అదే అనుమానం.

"వీడు ఎనకెందుకొస్తున్నడు? ముందు నడవాలె కద సర్దారు?"

ఒకచోట గోడ డొల్లగా మోగింది. తాత మొహం వెలిగిపోయింది. నాన్న గైడ్‌ని అడిగి, "లోపల ఇంకో గోడ ఉందంట బాపూ, మధ్యలో గ్యాప్. గుండ్లకు తేమ తగలకుండా అలా కట్టారంట. డేంజర్ ఏం లేదు" అన్నాడు.

"గట్లనే చెప్తరు" అన్నాడు తాత.

గుండ్లను పైకి లాగడానికి తవ్విన లోతైన గుంత ఒకటి చూపించారు. చుట్టూ ఒక గొలుసు తప్ప ఏమీ లేదు. దాన్ని దాటి చివరి గదిలోకి వెళ్లాక టోపీ దొర అందరినీ లైట్లు ఆర్పమన్నాడు. అప్పటి సైనికులు ఎలాంటి చీకట్లో ఉన్నారో ఒక్క నిమిషం తెలుసుకోవాలట.

ఆ నిమిషంలోనే నేను టార్చిని నా బ్యాగులో వేసుకున్నాను. తాతకు బహుమతి ఇద్దామనుకున్నానని రాసుకోవచ్చు, ఎవరికీ తెలియదు. కానీ నా పథకం అది కాదు. రాత్రి ఆయన దుప్పట్లో దూరి మొహం మీద వెలిగించి, ఆయన ఏమంటాడో విందామని.

చీకట్లో తాత చెయ్యి నా భుజాన్ని వెతుక్కుని పట్టుకుంది. "భయపడకు బిడ్డా, నేనున్న" అన్నాడు. నేను భయపడటం లేదు. చప్పుడు కాకుండా జిప్పు వేసుకుంటున్నాను.

బయటికి వచ్చాక అందరూ టార్చీలు పెట్టెలో వేశారు. మంచు ఇంకా తగ్గలేదు. ముసలి జంట బాత్‌రూమ్ వెతుక్కుంటూ పోయింది, కాలేజీ కుర్రాళ్లు కనిపించలేదు. టోపీ దొర పెట్టెలో లెక్కపెట్టాడు. మళ్లీ లెక్కపెట్టాడు. తొమ్మిది. ఎవరైనా పొరపాటున బ్యాగులో వేసుకున్నారేమో చూసుకోమన్నాడు. ఆ మాట అందరికీ అన్నాడు, చూపు మాత్రం మా మీదే ఉంది.

నాన్న నెమ్మదిగా, "నీ దగ్గర లేదు కదా?" అన్నాడు.

"లేదు నాన్నా."

"ఏమైందిరా?" అన్నాడు తాత.

"ఏం లేదు బాపూ, ఒక ఫ్లాష్‌లైట్ మిస్సింగ్. పోదాం పా."

"ల్యాంపు రాలేదా?" తాత గొంతు మారిపోయింది. "ఎవరు రాలేదు?"

"అందరూ వచ్చారు బాపూ. లాస్ట్‌లో తనే వచ్చానని గైడ్ అంటున్నాడు."

"ఆఖర్న వచ్చిండు సరే. ఎనక చూసిండా? ఆ ఇద్దరు పోరగాళ్లేరీ?"

"పార్కింగ్‌కి పోయుంటారు."

"పోంగ నువ్వు చూసినవా?"

నాన్న చూడలేదు. ఎవరూ చూడలేదు. టోపీ దొర ఇనుప తలుపు మూయబోతే తాత చేతికర్రను సందులో అడ్డం పెట్టాడు. జీవితంలో మొదటిసారి ఇంగ్లీషులో మాట్లాడాడు. "ల్యాంప్ నో కమ్. మ్యాన్ నో కమ్."

టోపీ దొర మొహం ఎర్రబడింది. మీ నాన్నను పక్కకు జరపండి, లేకపోతే రేంజర్‌ని పిలిచి అందరి సంచులూ చూడాల్సి వస్తుందని నాన్నతో అన్నాడు. మా గ్రీన్‌కార్డు కాగితాలు అప్పటికి ఏ బల్ల మీద ఆగి ఉన్నాయో తెలియదు. రేంజర్ అంటే అక్కడ పోలీసు లెక్కే, ఆ మాటకు నాన్నకు చెమట పట్టింది.

"బాపూ, ప్లీజ్. ఇది మన బాయి కాదు."

"చీకటి ఏ దేశంల ఐనా చీకటేరా."

నాన్న ఇక బతిమాలలేదు. ఎందుకో నాకు అప్పుడు తెలియదు, ఇంటికి వచ్చాక చెప్పాడు. ఒకసారి బాయిలో లక్ష్మీకాంతం అనే ఆయన ల్యాంపు తిరిగి రాలేదు. ఇంటికి పట్టుకుపోయి ఉంటాడులే అని గుమాస్తా రిజిస్టరు మూసేశాడు. తాత ఒక్కడే మళ్లీ దిగాడు. బాయి లోపల ఓ మూల గల్లీలో కూలిన దుంగ కింద కాలు ఇరుక్కుని, అరిచి అరిచి గొంతు పోయి ఉన్నాడట లక్ష్మీకాంతం.

నేను నోరు తెరవాల్సింది అప్పుడే. తెరిస్తే ఏమవుతుందో నాకు తెలుసు. టోపీ దొర తిడతాడు, అది పెద్ద సంగతి కాదు. ఇంత పెద్ద దేశంలో తాత నమ్మే మనిషి ఒక్కరు కూడా మిగలరు. ఆ కుర్రాళ్లు మంచులోంచి తిరిగి వస్తే బాగుండునని చూస్తూ నిలబడ్డాను.

వాళ్లు రాలేదు. తాత పెట్టెలోంచి ఒక టార్చి తీసుకుని, తలుపు నెట్టుకుని లోపలికి వెళ్లిపోయాడు. టోపీ దొర అరిచాడు. నాన్న వెనకే పరుగెత్తబోతే చెయ్యి పట్టుకుని ఆపి, రేడియోలో ఎవరితోనో మాట్లాడటం మొదలుపెట్టాడు. లోపల కర్ర చప్పుడు దూరమవుతోంది. టక్, టక్. డెబ్బై మూడేళ్ల మనిషి, ఒక కంట్లో శుక్లం. ఆ గుంత చుట్టూ ఉన్నది ఒక్క గొలుసు. కర్ర చప్పుడు ఆగిపోయింది.

నేను బ్యాగు తెరిచి పసుపు టార్చిని టోపీ దొర చేతిలో పెట్టాను. నేను తలుపు దగ్గర నిలబడి అరిచాను.

"తాతా! ల్యాంపు దొరికింది! వచ్చెయ్!"

సొరంగం నా మాటను రెండుసార్లు తిప్పి చెప్పింది. కాసేపటికి లోపలినుంచి గొంతు వచ్చింది.

"ఎవని దగ్గర?"

నాన్న నా మొహంలోకి చూశాడు. ఆ తల్లీ పిల్లలకు భాష తెలియదు కానీ వాళ్లూ చూస్తున్నారు.

"నా దగ్గరే తాతా! నేనే దాచా!"

తర్వాత టక్, టక్ మళ్లీ వినిపించింది. దగ్గరవుతుందనుకున్నాను. దూరమైంది.

"బాపూ! విన్నావా? అందరూ బయటే ఉన్నారు!" అని నాన్న అరిచాడు.

"ఆగురా. ఆఖరు గది చూడలే. దొంగ మాట మీద తలుపెట్ల ఏస్తం?"

పది నిమిషాల తర్వాత వచ్చాడు. మోకాళ్ల దాకా మట్టి. నా వైపు చూడలేదు. తన టార్చిని పెట్టెలో వేసి, టోపీ దొర చేతిలోదాన్ని తీసి దాని పక్కన పెట్టి, తొమ్మిది, పది అని వేలు పెట్టి లెక్కపెట్టాడు. అప్పుడు తలుపు వేసుకోవచ్చని చెయ్యి ఊపాడు. టోపీ దొర తాళం వేశాడు. నాన్న సారీలు చెబుతుంటే వింటూ మా వెంట కారు దాకా వచ్చి, జేబులోంచి చిన్న పుస్తకం తీసి మా కారు నంబరు రాసుకున్నాడు.

కారు వంతెన సగం దాటింది.

"టోపీ దొర పని తెలిసినోడే" అన్నాడు తాత. "నంబరు రాసుకున్నడు. నేనైనా రాసుకుందు."

"నేను సరదాకి చేశా తాతా. సారీ."

ఆయన నాతో కాకుండా నాన్నతో అన్నాడు. "ల్యాంపు దాచినోనికి బాయిల మూడు రోజులు పని బందు. నీ బిడ్డకు చెప్పు."

పని అంటే ఏమిటో ఆ సాయంత్రం తెలిసింది. రోజూ ఆరు గంటలకు ఆయన్ని చెరువు దాకా నడిపించేది నేనే. ఆ రోజు నన్ను పిలవకుండా ఒక్కడే బయలుదేరాడు. కిటికీలోంచి చూశాను. మా వీధి చివర పెద్ద రోడ్డు ఉంది. దాని ముందు నిలబడ్డాడు. దాటమని దీపం పడింది, ఆరింది, మళ్లీ పడింది. ఏ కారును నమ్మాలో తేల్చుకోలేక పావుగంట నిలబడి వెనక్కి వచ్చేశాడు. రెండో రోజూ అంతే. మూడో రోజు నేను కిటికీ దగ్గరికి పోలేదు.

నాలుగో రోజు సరిగ్గా ఆరింటికి మెట్ల కింద నిలబడి, "పూజితా! మస్టరు పడ్డది, పా!" అని బాయిలో హాజరు పిలిచినట్టు కేకేశాడు. నేను రెండేసి మెట్లు దూకుతూ వచ్చాను. తలుపు దగ్గర కర్ర అడ్డం పెట్టాడు.

"జేబులు."

"తాతా!"

"ఊఁ."

రెండు జేబులూ బయటికి లాగి చూపించాను. ఒక చూయింగ్ గమ్ కాగితం, జుట్టు రబ్బరు. ఆయన కళ్లద్దాలు సర్దుకుని రెండింటినీ పరీక్షగా చూశాడు. ఏమీ దొరకకపోయేసరికి ఆయనకు అనుమానం ఇంకా ఎక్కువైంది.

"బూట్లు కూడా ఇప్పు" అన్నాడు.