బెంచీ కాపలా

ఆఫీసులో ఆయన్ని రిమైండర్ గారనేవారు. ముప్పై ఒక్క ఏళ్లు డిస్పాచ్ సెక్షన్లో కూర్చుని వచ్చే కాగితానికో నంబరు, పోయే కాగితానికో నంబరు వేశాడు. జవాబు రాని కాగితానికి రిమైండర్ రాశాడు. ఇంతే ఆయన చేసిన ఘనకార్యం. ఆఖరి రోజున ఓ గోడ గడియారం చేతిలో పెట్టి ఇంటికి పంపారు. మొగుడు ఇక ఇంటిపట్టునే ఉంటాడని భార్య మురిసిపోయిందనుకుంటే పొరపాటే.

ఆవిడ బట్టలు కుడుతుంది. ముందుగదిలో కిటికీ పక్కన మిషను, గోడ కొక్కేలకి కుట్టడం అయిపోయిన బట్టలు, కింద కత్తిరింపు ముక్కల బుట్ట. మనిషి మసలడానికి చాపంత జాగా మిగులుతుంది. సరిగ్గా ఆ జాగాలోనే ఆయన కుర్చీ వేసుకునేవాడు. సూదిలో దారం ఎక్కించడం చేతకాని మనిషి, "ఆ కుట్టు వంకర పోయింది చూడు" అనేవాడు. ఒకరోజు దారపు కండెలన్నిటినీ కొన్న తేదీల వరసలో సర్ది పెట్టాడు. నీలం దారం కోసం ఆవిడ ఆ రోజు అరగంట వెతుక్కుంది. తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్లనే మనిషితో వాదించి ఎవరు బాగుపడ్డారు గనక? ఈయన రోజుకు నాలుగు గంటలైనా గడప దాటితే చాలు దేవుడా అనుకునేది.

వాళ్లకి ఒక్కతే కూతురు. కెమిస్ట్రీలో డిగ్రీ అయి ఎనిమిది నెలలైంది. పద్నాలుగు దరఖాస్తులు పెడితే ఒక్కచోట నుంచి పిలుపొచ్చింది. నీళ్లు పరీక్షించే ల్యాబ్ అది. బావుల దగ్గరా ట్యాంకుల దగ్గరా ఫ్యాక్టరీ కాలవల దగ్గరా సీసాల్లో నీళ్లు పట్టి తెచ్చి, పరీక్ష చేసి చెప్పాలి. "నిచ్చెనెక్కి ట్యాంకు మీదికి వెళ్లగలవా?" అని ల్యాబ్ పెద్దావిడ అడిగిందట. "ఎక్కుతాను మేడం, దిగుతాను కూడా" అందట ఈ పిల్ల. ఆవిడ నవ్వి, పది రోజుల్లో ఫోన్ చేస్తామందట. ఇంటికొచ్చి ఇదంతా చెబుతున్నంతసేపూ పిల్ల కాలు నేల మీద నిలవలేదు.

"ఈ పని నాకు కావాలమ్మా" అంది. ఇంతకుముందు ఏ ఉద్యోగం గురించీ అలా అనలేదు.

అక్కడితో అందరూ నోళ్లు మూసుకుని కూర్చుంటే ఆ పది రోజులూ గడిచిపోయేవి. కానీ మూడో రోజు పొద్దున పిల్ల స్నేహితురాలింటికి వెళ్లగానే ఆయన మొదలుపెట్టాడు.

"కాగితం దానంతటది కదలదే. వెనకాల మనిషి నిలబడాలి. ముప్పై ఒక్క ఏళ్లు చూశాను."

ఆయన చూసిన మాట నిజమే. ఆయన బల్ల ముందు బెంచీ మీద పడిగాపులు పడ్డవాళ్లందర్నీ రేపు రా, ఎల్లుండి రా అని తిప్పిందీ ఆయనే. ఆ బెంచీ మీద కూర్చున్నవాళ్లని ఈగల్లా చూసినవాడికి ఇప్పుడు బెంచీ మీద మోజు పుట్టింది.

ఇది కొంప ముంచే పనని ఆవిడకి తెలియదా? తెలుసు. పెళ్లికి వెళ్తూ పిల్లిని చంకన పెట్టుకెళ్లినట్టని నాలుక చివరిదాకా వచ్చింది. కానీ మర్నాటికి ఇవ్వాల్సిన స్కూలు యూనిఫాంలు పదకొండు మిషను పక్కనే ఉన్నాయి.

"ఊరికే కూర్చునే బదులు ఓసారి కనుక్కుని రండి" అంది.

ఆయన నాలుగు రోజులు వరసగా ల్యాబ్‌కి వెళ్లాడు. అక్కడేం చేస్తున్నారని ఆవిడ ఒక్కసారీ అడగలేదు. ఇల్లు నిశ్శబ్దంగా ఉంది, యూనిఫాంలు పూర్తయ్యాయి, నీలం దారం దాని చోట అది ఉంది. ఇంతకంటే ఇంకేం కావాలి?

ఎనిమిదో రోజున ఫోన్ వచ్చింది. పిల్ల మిషను పక్కన నిలబడే మాట్లాడింది. ల్యాబ్ పెద్దావిడ గొంతు బయటికే వినిపిస్తోంది.

"మీ నాన్నగారు రోజూ వస్తున్నారమ్మా. నీకు ఎండ పడదట, తలనొప్పి వస్తుందట. బయట తిప్పకుండా లోపల కూర్చునే సీటు చూడమన్నారు. మా దగ్గర అలాంటి సీటు లేదు. వేరే అమ్మాయిని తీసుకున్నాం."

"నాకు తలనొప్పి లేదు మేడం" అంది పిల్ల. అప్పటికే ఫోన్ పెట్టేశారు.

"సీటు లేదనడం మాటవరసకేలే. ఒక్క రిమైండర్ పడేస్తే..." అన్నాడు ఆయన. కూతురి మొహం చూసి నసిగాడు. "మీ అమ్మే వెళ్లమంది."

"కనుక్కు రమ్మన్నాను. అక్కడ కాపురం పెట్టమన్నానా?" అంది ఆవిడ.

పిల్ల ఇద్దరినీ మార్చి మార్చి చూసి లోపలికి వెళ్లిపోయింది. ఆ తర్వాత ఇంట్లో ఉద్యోగం ఊసెత్తలేదు. రోజూ పొద్దున్నే లైబ్రరీకని వెళ్లి సాయంత్రం వచ్చేది. పిల్ల మనసు విరిగిపోయిందని, ఇదంతా మీ నిర్వాకమేనని ఆవిడ మొగుణ్ణి వాయించింది. తన పేరు మాత్రం అందులో ఎక్కడా రానివ్వలేదు.

రెండు నెలల తర్వాత, బట్టలు తీసుకోవడానికి వచ్చిన నర్సు నవ్వుతూ అంది: "నిన్న మీ అమ్మాయి మా హాస్పిటల్ ట్యాంకు ఎక్కింది. సీసా పట్టుకుని కోతిపిల్లలా చకచకా ఎక్కేసింది. నెల నుంచీ తనే వస్తోంది. మీకు భయం వేయదూ?"

"అలవాటేలెండి" అంది ఆవిడ.

సాయంత్రం పిల్ల చెప్పులు విప్పుతుంటే వెళ్లి పక్కన నిలబడింది.

"ఎన్నాళ్లయింది చేరి?"

పిల్ల తలెత్తింది. దాచాలని చూడలేదు. "నలభై రోజులు. ఇది వేరే ల్యాబ్."

"మీ నాన్నకి చెప్పలేదంటే సరే, నాకేమొచ్చిందే? నాక్కూడా చెప్పకూడదా?"

"చెబితే నాన్న వస్తాడమ్మా" అంది పిల్ల నెమ్మదిగా. "నువ్వు పంపిస్తావు."

కొట్టినా అంత నొప్పి ఉండేది కాదు.

"ఏంటే, ఏమంటోంది పిల్ల?" లోపలి గదిలోంచి ఆయన కేకేశాడు. కుర్చీ జరిపిన చప్పుడైంది, లేచి వస్తున్నాడు.

"ఏం లేదు. మీరు కూర్చోండి" అంది ఆవిడ.

ఆ పిల్ల ఉద్యోగానికి ఆ ఇంట్లో ఎవరైనా చేసిన సాయమంటూ ఉంటే అదొక్కటే.