గోడ వెనక వేడి

ఆగయ్య పొట్ట గురించి గోదావరిఖనిలో చాలా కథలున్నాయి. అతను డ్యూటీకి బయలుదేరితే పొట్ట ముందుగా బొగ్గుబాయి గేటు చేరి హాజరు వేయించుకునేదట, ఆగయ్య తీరిగ్గా వెనక వచ్చి సంతకం పెట్టేవాడట. ఒకసారి జోరు వానలో ఇద్దరు ఆడవాళ్లు, ఒక మేక ఆ పొట్ట కింద తడవకుండా నిలబడ్డారని కాలనీవాళ్లు ఒట్టేసి చెప్పేవాళ్లు. ఆడవాళ్ల సంగతి నమ్మొచ్చు గానీ మేక మాట మాత్రం నమ్మొద్దు.

"ఏం బావా, పొట్ట వచ్చి గంటైంది. నువ్వెప్పుడొస్తవ్?" అని ల్యాంపు రూములో అతనితో పనిచేసే బుచ్చన్న రోజూ ఎక్కిరించేవాడు.

"కంపెనీ సొత్తురా బామ్మర్ది. పైలంగ మోసుకరావాలె గద," అనేవాడు ఆగయ్య.

ఈ పొట్ట మొదటి నుంచీ ఉన్నది కాదు. ఇరవై రెండేళ్లు భూమి కింద పనిచేసినంత కాలం ఆగయ్య ఒంటి మీద చిటికెడు కొవ్వు పట్టుకుందామన్నా దొరికేది కాదు. బొగ్గు తీసేసిన తావులను ఇటుక గోడ కట్టి మూసేస్తారు. లోపల మిగిలిపోయిన బొగ్గు ఒక్కోసారి తనంతట తానే వేడెక్కుతుంది. మంట ఉండదు, పొగ కనబడదు. ఆగయ్య ఆ గోడ మీద అరచెయ్యి ఆనించి, గాలి వాసన పీల్చి, లోపల రాజుకుంటున్నదో లేదో చెప్పేవాడు. 2003లో కప్పు నుంచి బండ జారి మోకాలు చితికింది. తర్వాత పైన ల్యాంపు రూములో కూర్చుని టోపీ దీపాలు అందించే పని ఇచ్చారు. పని మారింది, తిండి మారలేదు.

ముఖ్యంగా బెల్లం మారలేదు. బొగ్గు దుమ్ము గొంతులో నిలవకుండా బెల్లం తినాలని బాయి పనివాళ్ల నమ్మకం. ఆగయ్య భార్య ఐలవ్వకు అది ఉత్త నమ్మకం కాదు, మొక్కు. ఆమె తండ్రి కొమురెల్లి కూడా బాయిలోనే పని చేసి, దగ్గి దగ్గి, నలభై ఐదేళ్లకే పోయాడు. ఆయన బెల్లం ముట్టేవాడు కాదు. అందుకే పెళ్లైన నాటి నుంచీ ఆగయ్య షిఫ్టు దిగి గడప ఎక్కేసరికి ఐలవ్వ కోడిగుడ్డంత బెల్లం ముక్కతో నిలబడి ఉండేది. చేతికిచ్చేది కాదు, నోట్లోనే పెట్టేది.

"ఇప్పుడు పైన కూసుంటున్న గదనే," అన్నాడు ఒకసారి.

"పైన దుమ్ము లేదా? నీ అంగీలు పిండేది నేను. నాకెరుక లేదా? నోరు తెరువు."

2009లో ఆగయ్యకు దాహం, నీరసం, అరికాళ్ల తిమ్మిరి మొదలయ్యాయి. దవాఖానలో రక్తం చూసి షుగర్ అన్నారు. డాక్టర్ ప్రసూన కోస్తా నుంచి వచ్చిన అమ్మాయి, ఓపికగా మాట్లాడుతుంది.

"కొవ్వంటే ఒంట్ల దాసుకున్న తిండే గద మేడం? మూట లెక్క మూలకు పడి ఉంటది. దానికీ షుగరుకూ ఏం సంబంధం?" అని అడిగాడు ఆగయ్య.

"ఊరికే పడి ఉండదు, ఆగయ్యగారూ. పొట్టలో కొవ్వు కణాలు మరీ ఉబ్బిపోతే వాటికి ఊపిరాడదు. ఆపదలో ఉన్నామని కబుర్లు పంపుతాయి. ఒంటికి కాపలా కాసే కణాలు వచ్చి అక్కడ గుమిగూడతాయి. అవి కూడా కబుర్లు పంపడం మొదలుపెడతాయి. అదొక వాపు. జ్వరం ఉండదు, నొప్పి ఉండదు, ఏళ్ల తరబడి చల్లారదు. ఆ కబుర్లు రక్తంలో తిరుగుతుంటే ఇన్సులిన్ చెప్పిన మాట ఒళ్లు వినదు."

ఆగయ్య పొట్ట మీద అరచెయ్యి పెట్టుకున్నాడు. "గోడెనక బొగ్గు రాజుకున్నట్టు."

"అలాగే అనుకోండి. నడవాలి, బరువు తగ్గాలి, మందులు వేసుకోవాలి. బెల్లం ఈరోజే మానెయ్యాలి."

ఇంటిదాకా నడుస్తూ, ఐలవ్వకు ఎలా చెప్పాలో మాటలు కూడగట్టుకున్నాడు. బెల్లం తినకనే తండ్రి పోయాడని నమ్మిన మనిషి ఆమె. మొగుణ్ణి ఆ బెల్లమే తింటున్నదని చెబితే, ఇరవై ఏడేళ్లు పెట్టిన ఆ చెయ్యి ఏమైపోవాలి? గడప ఎక్కాడు. చెబుదామని నోరు తెరిచాడు. ఐలవ్వ బెల్లం పెట్టేసింది.

ఆ తర్వాత రెండేళ్లు అలాగే గడిచాయి. మందులు మోకాలి నొప్పికని ఇంట్లో చెప్పాడు. బెల్లం మానేశానని దవాఖానలో చెప్పాడు. రేపు నిజం చెబుతానని రోజూ తనకు తాను చెప్పుకున్నాడు.

2011లో సకల జనుల సమ్మె వచ్చింది. ఆగయ్య కొత్త చెప్పులు వేసుకుని ఊరేగింపులో ఊరంతా తిరిగాడు. ఇంటికొచ్చాక ఐలవ్వే చూసింది. చెప్పులో మేకు దిగి ఉంది, అరికాలి నిండా రక్తం.

"నొయ్యలేదా?"

"ఏం తెల్వలేదే."

ఆ పుండు మానలేదు. నెలన్నరకు పాదం నల్లబడి, కరీంనగర్‌లో మోకాలి కింద కాలు తీసేశారు. మళ్లీ ఊళ్లో దవాఖానకు వచ్చాక ప్రసూన చూడ్డానికి వచ్చింది. కాగితాలు తిరగేస్తూ తనలో తానే అనుకున్నట్టు అంది, "బెల్లం మానేసి రెండేళ్లయింది. అయినా షుగర్ ఎందుకు దిగలేదో..."

ఆగయ్య మొహం తుడుస్తున్న ఐలవ్వ ఆగింది. "మానుడేంది మేడం? నేను దినాం పెడుతున్న గద. మానుమని ఎవలన్నరు?"

ఆగయ్య కళ్లు మూసుకున్నాడు. ఐలవ్వ మొగుడి మొహం చూసింది, డాక్టరు మొహం చూసింది, దుప్పటి కింద కాలు ఉండాల్సిన చోట చదునుగా పడి ఉన్న బట్టను చూసింది.

"ఒక్క బెల్లం వల్లే కాదమ్మా," అంది ప్రసూన గాభరాగా. "కూర్చుని చేసే పని, అన్నం, ఒంటి తత్వం, ఇంకా ఎన్నో ఉంటాయి." ఐలవ్వకు అవేవీ వినబడలేదు.

"ఎందుకు చెప్పలే?" అంది మొగుడితో.

"నీ మొహం చూస్తే నోరు రాలే."

ఇంటికి తెచ్చాక ఐలవ్వ పొయ్యి ముట్టించలేదు. బుచ్చన్న పెళ్లాం పూలమ్మ పక్క క్వార్టర్ నుంచి పూట పూటకూ అన్నం తెచ్చేది. నాలుగు రోజులు అలసట అనుకున్నాడు ఆగయ్య. పదో రోజు పళ్లెం ముందు పెట్టుకుని, నల్లా దగ్గర కూర్చున్న పెళ్లాన్ని పిలిచాడు.

"ఐలవ్వా, పూలమ్మ పప్పు తింటే ఉన్న కాలు గూడ ఊడేటట్టున్నదే. నువ్వొచ్చి ఇంత వండి పెట్టు."

అతని మాటకు పూలమ్మ వాకిట్లో నవ్వింది. ఐలవ్వ తలుపు దాకా వచ్చి ఆగింది. రెండు చేతులూ కొంగులో చుట్టుకుని ఉంది.

"నా చేతులంటే నాకే భయమైతుందయ్యా."

ఆగయ్య లేవబోయాడు. అలవాటు కొద్దీ లేని కాలు కింద మోపి, పళ్లెం మీదుగా బోర్లా పడ్డాడు. ఐలవ్వ ఒక్క పరుగున వచ్చింది. వంగింది. చేతులు మాత్రం కొంగులోంచి తియ్యలేదు.

"పూలమ్మా," అని అరిచింది, "జల్ది రాయే, ఈయనను లేపు!"