పొగుడుతూ రాసిన ఉత్తరం

పాప నిద్రపోయాక రాస్తున్నాను. పగలు ఈ సంగతి తలచుకుంటే ఏ పనీ సాగదు.

పోయిన వేసవిలో టాంజానియా వెళ్ళాం. మేం ముగ్గురం, మాతోపాటు ఒక అక్క, ఆవిడ భర్త. అక్క అంటే తోడబుట్టింది కాదు. అమెరికాలో మేముండే ఊరు క్యారీలో మాకంటే చాలా ముందు స్థిరపడిన మనిషి, పాప పుట్టినప్పుడు నెల రోజులు నాకు పథ్యం వండి పంపింది. అడవి చూడాలన్న కోరిక ఆవిడదే. నాకు మొదటినుంచీ భయం. మలేరియా మందు పాపకు పడుతుందా, అక్కడి నీళ్ళు పడతాయా అని బయల్దేరే రోజు దాకా చదువుతూనే ఉన్నాను. పాపకు నాలుగేళ్ళు. అంతకుముందు చలికాలంలో యూరిన్ ఇన్‌ఫెక్షన్ వచ్చి మూడు రోజులు ఆస్పత్రిలో ఉంది. వచ్చినప్పుడల్లా వెళ్ళనివ్వండి, ఆపుకోనివ్వకండి అని డాక్టరు చెప్పిన మాట నన్ను వదల్లేదు.

క్యాంపులో మాకు ఇచ్చిన గైడ్ ఆడమనిషి. ముప్పై దాటి ఉంటుంది. మొదటి రోజు తెల్లవారుజామున జీపు దగ్గర నిలబడి ఉంటే, అక్క భర్త ఆమెనే అడిగాడు, "మేడమ్, డ్రైవర్ ఎప్పుడొస్తాడు?" అని. "వచ్చేసింది సార్" అని ఆమె తాళాలు చూపించింది. ఆ రోజంతా అక్క ఆయన్ని ఆటపట్టిస్తూనే ఉంది.

గైడ్ ప్రతి మలుపు దగ్గరా ఇంజన్ ఆపి కాసేపు వినేది. కోతులన్నీ ఒకవైపే చూస్తూ అరుస్తుంటే అటువైపు చిరుత ఉన్నట్టట. దుమ్ములో పాదముద్ర అంచులు చెదరకుండా ఉంటే అది ఆ ఉదయానిదేనట. భోజనాల దగ్గర తన సంగతులు చెప్పింది. ఆ క్యాంపులో మొదట గెస్టుల దుప్పట్లు ఉతికే పనిలో చేరింది. పక్షుల పేర్లు, ఇంగ్లీషు, డ్రైవింగ్ అన్నీ అక్కడే ఒక్కొక్కటిగా నేర్చుకుంది. గైడ్లలో ఆడమనిషి తనొక్కతే. ఇద్దరు అమ్మాయిలు తన దగ్గర పని నేర్చుకుంటున్నారు. హెడ్ గైడ్ ఆ ఏడాది చివర్లో మానేస్తున్నాడు, ఆ చోటికి తన పేరు అనుకుంటున్నారు. "నేనైతే ఆ ఇద్దరికీ చెరో జీపు ఇప్పిస్తాను" అంది. తనకూ పాప వయసు కూతురుంది, వాళ్ళమ్మ దగ్గర పెరుగుతోంది. అడవిలో భయం వేయదా అని అడిగాను. "వేస్తుంది. అందుకేగా రూల్స్" అంది.

మూడో రోజు ఒక ఎండిన వాగు పక్కన ఆగాం. అరగంట క్రితమే, అక్కడికి కొద్ది దూరంలో, ఆడసింహాలు పడుకుని ఉండగా చూశాం. పాప నా చెయ్యి లాగింది.

"అమ్మా, ఐ హావ్ టు గో."

"కాసేపాగు తల్లీ."

"ఐ కాంట్. నౌ, అమ్మా, నౌ!"

గైడ్‌కి చెప్పాను. పార్కులో గుర్తుపెట్టిన చోట తప్ప ఎవరూ దిగకూడదు, బాత్‌రూమ్ ఇరవై నిమిషాల దూరం, ఇప్పుడే తీసుకెళ్తాను అంది. అక్క ఖాళీ నీళ్ళ సీసా కోసి ఇచ్చింది. పాప ఒప్పుకోక ఏడుపు లంకించుకుంది. ఒక్క నిమిషం దిగుతాం అన్నాను. గైడ్ కుదరదంది. ప్లీజ్ అన్నాను. కుదరదంది.

"ఇరవై నిమిషాలేగా" అన్నాడు మా ఆయన.

"నీకేం తెలుసు? హాస్పిటల్‌లో దాని పక్కన పడుకున్నది నేను."

పాప ఒళ్ళు బిగబట్టి ఏడుస్తోంది. నేను చెయ్యి చాచి తలుపు గడియ తీసేశాను. ఒక కాలు కింద పెట్టాను కూడా.

నేను రెండో కాలు పెట్టేలోపే గైడ్ దిగింది. జీపు చుట్టూ తిరిగి, పొదల్లో ఏదైనా ఉంటే కదిలేలా రేకు మీద అరచేత్తో గట్టిగా కొట్టి, మాకు వీపు చేసి వాగు వైపు చూస్తూ నిలబడింది. పాప పని కావడానికి రెండు నిమిషాలు పట్టి ఉంటుంది. మళ్ళీ ఎక్కాక తలుపుల గడియలన్నీ ఒకసారి చూసుకుంది. "పాప బాగుందా?" అని మాత్రం అడిగింది.

ఇంటికొచ్చిన వారానికి, ఇక్కడ మాకు ట్రిప్ బుక్ చేసిన కంపెనీ నుంచి, గైడ్ గురించి రాయమని ఈమెయిల్ వచ్చింది.

"నువ్వే రాయి, నీ ఇంగ్లీష్ బావుంటుంది" అంది అక్క. "ఆ అమ్మాయికి ప్రమోషన్ వచ్చి తీరాలి."

"ఏం రాయను అక్కా?"

"పిట్టల పేర్లు చెప్పిందని రాస్తావా ఏంటి? అవి ఎవడైనా చెప్తాడు. పాప కోసం రూల్ పక్కనపెట్టి దిగింది చూడు, అది రాయి. సొంత మనిషైతే తప్ప ఎవరు చేస్తారే అట్లా?"

నాకూ అదే సరైనదనిపించింది. మనం ఒకరిని పొగిడే పద్ధతే అంత. పని పద్ధతిగా చేశారంటే అది మనకు పొగడ్త కాదు. టైమ్ కాకపోయినా లోపలికి వదిలిన నర్సు, కౌంటర్ మూశాక కూడా ఫారం తీసుకున్న గుమాస్తా, వాళ్ళను దేవుళ్ళంటాం. రెండు పేజీలు రాశాను. ఒక తల్లి బాధ ఇంకో తల్లికే తెలుస్తుందని రాసి, ఆ వాక్యం చూసుకుని నేనే మురిసిపోయాను. ఆమె కుదరదన్న సంగతి రాయలేదు. తలుపు ఎవరు తీశారో రాయలేదు. రాస్తే ఆమె మంచితనం తగ్గుతుందనుకున్నాను. నేను మతిలేనిదానిలా కనిపిస్తానని కూడా అనుకున్నాను.

మూడు వారాల తర్వాత, ప్రీస్కూల్ దగ్గర పికప్ లైన్‌లో కారులో ఉండగా, కంపెనీ నుంచి ఒకావిడ ఫోన్ చేసింది. చాలా మర్యాదగా మాట్లాడింది. గుర్తుపెట్టని చోట గైడ్ మిమ్మల్ని దిగనిచ్చిందని రాశారు, నిజమేనా అని అడిగింది.

"నిజమే. మా కోసం ఒక్క క్షణం కూడా వెనకాడలేదు" అన్నాను.

అవతల కీబోర్డు చప్పుడు వినిపించింది. రాసుకుంటున్నారు, మంచిదే అనుకున్నాను.

ఆకులు రాలే రోజుల్లో గైడ్‌కి వాట్సాప్‌లో మెసేజ్ పెట్టాను, హెడ్ గైడ్ అయ్యారా అని. చూసింది కానీ జవాబివ్వలేదు. ఆ శనివారం ఉదయం ఫోన్ చేశాను.

"వేరే అతన్ని చేశారు" అంది.

"ఎందుకు?"

"మీ ఉత్తరం మీటింగ్‌లో చదివారు. చాలా బాగా రాశారు."

ఆ గొంతులో వెటకారం లేదు. ఉన్నా బాగుండేది.

"తలుపు నేనే తీశానని మీరు చెప్పలేదా?"

"చెప్పాను. గెస్ట్ అలా రాయలేదే అన్నారు. ఫోన్‌లో కూడా మీరు వేరేలా చెప్పారట."

తర్వాత మిగిలినదంతా నిదానంగా చెప్పింది. ఆడవాళ్ళు తల్లుల ఏడుపుకు కరిగిపోతారని మీటింగ్‌లో అన్నారట. ఇకనుంచి చిన్నపిల్లలున్న కుటుంబాలను మగ గైడ్లకే ఇస్తారట. పని నేర్చుకుంటున్న అమ్మాయిలిద్దరినీ దుప్పట్లు ఉతికే చోటికి పంపేశారు. తనకు చిన్న విమానాలు దిగే చోట గెస్టులను ఎక్కించుకుని క్యాంపుకి చేర్చే పని ఇచ్చారు.

"నేను మళ్ళీ రాస్తాను. జరిగింది జరిగినట్టు రాస్తాను" అన్నాను.

"మీ ఇష్టం" అంది.

ఆ రోజే రాశాను. ఈసారి మురిసిపోయే వాక్యాలేవీ రాలేదు. నా మొదటి ఉత్తరానికీ, ఫోన్‌లో చెప్పినదానికీ ఇది పొసగడం లేదు కాబట్టి పరిగణించలేమని మూడు రోజులకు జవాబు వచ్చింది. కింద, మళ్ళీ మా సఫారీకి రండి అని ఉంది. మా ఆయనకు చూపించాను. "నువ్వు చేయగలిగింది చేశావ్, ఇక వదిలెయ్" అన్నాడు. నేను చేసింది ఏమిటో ఆయనకూ తెలుసు. ఆ మాట అనకపోవడమే ఆయన దయ.

మొన్న ఆదివారం ఒక బర్త్‌డే పార్టీకి వెళ్ళాం. అక్క అక్కడ అందరికీ సింహాల కథ చెబుతోంది. "ఆ అమ్మాయి మాకు దేవతే అనుకో" అంటోంది. వింటున్నవాళ్ళలో కొత్తగా క్యారీకి వచ్చిన ఒకామె నా పక్కకు జరిగింది. భుజాన రెండేళ్ళ బాబు.

"ఆ లేడీ గైడ్ నంబర్ ఇస్తారా అండీ? నెక్స్ట్ సమ్మర్ మేమూ వెళ్దామనుకుంటున్నాం. వీడితో నాకు అన్నీ టెన్షనే."

"ఇప్పుడు పిల్లలున్నవాళ్ళని తీసుకెళ్ళట్లేదు."

"అవునా? ప్రమోషన్ వచ్చేసిందా?"

"లేదు. ఆ రోజు జీప్ డోర్ తీసింది నేనండీ. తను వద్దంది. నేనే ఉత్తరంలో తప్పుగా రాశాను."

అక్క ఇటు తిరిగింది. "అబ్బా, ఇప్పుడదంతా ఎందుకే? పద, కేక్ కట్ చేస్తున్నారు."

అందరూ కేక్ వైపు కదిలారు. ఆ కొత్తామె మాత్రం ఇంకా నా మొహంలోకే చూస్తోంది.

"మరి మాకు ఎవరొస్తారు?"

"మగవాళ్ళే."

ఆమె బాబును ఒక భుజం మీదనుంచి ఇంకో భుజానికి మార్చుకుంది. "అయితే వీడు కొంచెం పెద్దయ్యాక చూద్దాంలెండి" అంటూ ఫోన్ బ్యాగులో పడేసుకుంది.