మా అక్క కొడుకు చెవులు

ఈ పొద్దున మా అక్క కొడుక్కు ఫోన్ చేసి "ఒరే" అన్నాను. పలకలేదు. మూడోసారి అరిచాక "ఎవరూ? మామనా?" అన్నాడు.

మాది ఆళ్లగడ్డలో విగ్రహాలు చెక్కే పని. యాభై దాటేదాకా నాకు అక్షరం ముక్క రాదు. పీఠాల మీద దాతల పేర్లు బొమ్మ చూసి గీసినట్టు చెక్కేవాణ్ణి, తర్వాత సిగ్గేసి పలక పట్టాను. చదువు రాకపోయినా రాయి తెలుసు. కొనేముందు సుత్తితో తట్టి వింటాం. మంచి రాయి గంటలాగా ఖంగుమంటుంది, లోపల పగులుంటే పగిలిన కుండలాగా దబ్బుమంటుంది. పైకి రెండూ ఒకటే. చిన్నప్పుడు మావాడు వీపు తిప్పుకుని కూర్చునే "ఇది వద్దు మామా" అనేవాడు. ఒక్కసారీ తప్పలేదు.

ఆ చెవులు పెట్టుకుని పోయి డ్రమ్ముల ముందు కూర్చున్నాడు. పంక్ రాక్ అంట. నంద్యాల స్నేహితులతో మొదటి బ్యాండు, పేరు తుప్పు రేకులు. అది విడిపోతే కర్నూలులో ఒకటి, అదీ పోతే బెంగళూరులో ఇంకొకటి. మా అక్క అందరికీ "బ్యాండు వాయిస్తాడు" అని చెప్పుకునేది. ఒకాయన పెళ్లి ఊరేగింపుకు మాట్లాడుకోవడానికి ఇంటికే వచ్చాడు.

ఒకసారి నంద్యాల కల్యాణ మండపంలో వాయిస్తాడంటే బస్సెక్కి పోయాను. పాడేవాడు గొంతు చించుకుంటున్నాడు, కుర్రాళ్లు ఎగిరి ఒకరినొకరు గుద్దుకుంటున్నారు. కొట్లాటేమోనని తలుపు దగ్గరికి జరిగాను. అయితే నాకు అసలు భయం వేసింది వాళ్లను చూసి కాదు. మావాడి చెవుల పక్కనే పళ్లాలంత ఇత్తడి తాళాలు. కొట్టినప్పుడల్లా అంత దూరాన ఉన్న నా పళ్లు జివ్వుమన్నాయి. వాడేమో నవ్వుతున్నాడు.

మర్నాడు ఇంటికొస్తే, పగులుందని నేను పక్కన పడేసిన రాయి దగ్గరికి తీసుకుపోయి సుత్తి ఇచ్చాను. తట్టాడు. దబ్బుమంది.

"బాగుంది మామా."

"ఇంగోసారి తట్టు."

"ఏందీ, నమ్మవా నన్ను? గంట మాదిరి పలుకుతాంది గదా!"

"పగులు రాయిరా అది."

వాడు సుత్తి కింద పెట్టాడు. "చెవుల్లో ఒకటే మోత మామా. ఆరు నెలలాయె. అమ్మకు చెప్పాకు."

"మానుకోరా. ఈడనే ఉండి ఉలి పట్టు."

"ఉలి మోత తక్కువనా? నువ్వు మానుకుంటివా?"

వారం తిరక్కముందే నాలుగో బ్యాండు పిలిచిందని బస్సెక్కాడు. చెవులకు బిరడాలు పెట్టుకుంటానన్నాడు. పెట్టుకున్నాడో లేదో నేను చూడబోయానా. అక్కకు ఇంతవరకూ చెప్పలేదు.

ఎప్పుడు ఫోన్ చేసినా ముందు మెల్లగానే పిలుస్తాను, రాయిని తట్టినట్టు. పోయినేడు మొదటి పిలుపుకే పలికేవాడు. ఉగాదికి రెండోది కావలసి వచ్చింది. గోడ మీద క్యాలెండరు ఉంది, ఇప్పుడు చదవడం కూడా వచ్చు. అయినా కాలం ఎంత గడిచిందో నేను ఆ పిలుపుల్లోనే వింటున్నాను.