ఊ కొట్టే ఉద్యోగం

మేం దేశం దాటి వచ్చి ఉంటున్న క్రెయిగీబర్న్ శివారులో నన్ను బుర్రకథ పులి అంటారు. అంటారంటే, పార్కులో బార్బెక్యూ పొయ్యి దగ్గర ఒకసారి నేనే అన్నాను. అందరి నోళ్లలోనూ మొక్కజొన్న పొత్తులుండబట్టి ఎవరూ కాదనలేకపోయారు. కృష్ణా జిల్లాలో వంద ఊళ్లు తంబురా పట్టుకొని తిరిగాననీ, నా కథంటే జనం బళ్లు కట్టుకొని వచ్చేవారనీ చెప్పాను. మా ఆవిడ దగ్గింది. ఆ దగ్గుకు అర్థం నాకొక్కడికే తెలుసు.

విన్నవాళ్లలో మా తెలుగు నాటక బృందాన్ని నడిపే అమ్మాయి కూడా ఉంది. వారమంతా పళ్ల డాక్టరు, ఆదివారం దర్శకురాలు. నాటకానికి వచ్చినవాళ్లు ఒకరికొకరు తెలిసి ఇళ్లకు వెళ్లాలని ఆమె పట్టుదల. కిందటి రెండుసార్లూ జనం వచ్చారు, తమ పిల్లల వేషాలు ఫోన్లలో తీసుకున్నారు, పక్క కుర్చీవాళ్లను పలకరించకుండానే కార్లెక్కేశారు. మర్నాడే ఆమె మా ఇంటికి వచ్చింది.

"అంకుల్, ఇదే లాస్ట్ ట్రై. ఈసారి కూడా ఎవరి దారిన వాళ్లు వెళ్లిపోతే హాల్ కీస్ కౌన్సిల్‌కి ఇచ్చేస్తాను. మీరు కథ చెప్తే కూర్చుంటారు కదా?"

కౌన్సిల్ అంటే ఇక్కడి మునిసిపాలిటీ. ఎనిమిదేళ్లుగా ఆమె పెంచుకున్న బృందం అది. నిజం చెప్పడానికి అదే సమయం. నేనేమో, కూర్చోబెట్టడమేమిటమ్మా, లేవనిస్తే కదా అన్నాను.

ఆ ఆదివారం తలపాగా చుట్టుకొని, అరువు తంబురా భుజాన వేసుకొని నిలబడ్డాను. మా శివారుకు మొదట వచ్చిన తెలుగు కుటుంబం గురించి ఆమె రాసిన కథ. పది వాక్యాలు బాగానే నడిచాయి. తర్వాత చూస్తే హాల్లో ఒక్కరూ ఊ కొట్టడం లేదు. చిన్నప్పుడు మా అమ్మమ్మ, మా ఊ ఆగిందంటే కథ ఆపేసి అటు తిరిగి పడుకునేది. నా కథా అలాగే ఆగింది, పదకొండో వాక్యం గుర్తు రాలేదు. తలుపు దగ్గర ఆ అమ్మాయి చేతిలో తాళాల గుత్తి కనిపిస్తోంది.

తంబురా కింద పెట్టేశాను.

"అబద్ధం చెప్పానండీ. నేనెప్పుడూ కథ చెప్పలేదు. గొంతు పూడిన వంతగాడి బదులు ఒక్కసారి కథకుడి పక్కన నిలబడి ఊ కొట్టాను, అంతే. నాకొచ్చింది అదొక్కటే. మీలో ఎవరైనా చెప్పండి, నేను ఊ కొడతాను."

మొదట నవ్వింది మా ఆవిడే. నవ్వులు సద్దుమణిగాక మూడో వరసలోంచి ఒక కరీంనగర్ పెద్దామె లేచింది. మనవణ్ణి చూసుకోవడానికి వచ్చిందట.

"నేనొచ్చిన కొత్తల, మాదే అనుకొని ఎవలదో చెత్తబిన్ ఇంట్లకు గుంజుకొచ్చిన."

"ఊ," అన్నాను.

"తెలిసినంక సిగ్గయింది. కడిగి, ముగ్గు బొట్లు పెట్టి, వారానికి తెల్లారుజామున వాళ్ల గేటుకాడ పెట్టొచ్చిన."

ఈసారి హాల్లో సగంమంది ఊ కొట్టారు. వెనక వరసలోంచి ఒకాయన నెమ్మదిగా చెయ్యెత్తాడు.

"అది మా బిన్నేనండీ. కౌన్సిల్‌కి కంప్లైంట్ ఇస్తే కొత్తది తెచ్చారు. తర్వాత ముగ్గుతో పాతదీ వచ్చింది. ఎవరో చేతబడి చేశారని, ఇదిగో, మా అత్తగారు నెల్రోజులు దాన్ని ముట్టుకోనివ్వలేదు."

మూడేళ్లుగా పక్కపక్క ఇళ్లు. తల ఊపుకోవడమే తప్ప మాటల్లేవట. ఆ తర్వాత కథలు ఆగలేదు. టీ చల్లారినా ఎవరూ కార్ల వైపు వెళ్లలేదు. పెద్దామె ఆ అత్తగారి చెయ్యి పట్టుకొని ముగ్గు బొట్లు ఎందుకు పెట్టిందో వివరిస్తోంది.

ఆ రోజు అయిదొందల మంది వచ్చారని నేను అందరికీ చెబుతుంటాను. సరే, నలభై ముగ్గురు, మా ఆవిడతో కలిపి.

అందరూ వెళ్లాక ఆ అమ్మాయి తాళాల గుత్తి నా చేతిలో పెట్టింది.

"నెక్స్ట్ మంత్ మీరే తెరవాలి అంకుల్. కథ మాత్రం చెప్పకండి, ప్లీజ్."

అప్పటినుంచి ఆ బృందానికి నేనే అధ్యక్షుణ్ణి. అంటే, తలుపు తీస్తాను, కుర్చీలు వేస్తాను, ముందు వరసలో కూర్చొని ఊ కొడతాను.