గాజుతొట్టిలో పాచి, గిన్నెలో క్యారెట్టు

మా ఇంట్లో సముద్రం రెండడుగుల పొడవు, అడుగు వెడల్పు ఉంటుంది. మా ఆయన కువైట్‌లో కొన్నేళ్ళు అలంకార చేపల అంగడిలో పనిచేసి తిరిగొచ్చాడు. ప్రొద్దుటూరులో సెల్‌ఫోన్లు బాగుచేసే అంగడి పెట్టుకున్నాడు గానీ, మనసు ఉప్పునీళ్ళలోనే ఉండిపోయింది. ఒకరోజు బెంగళూరు నుంచి బస్సులో డబ్బాను ఒళ్ళో పెట్టుకుని దిగాడు. నారింజ రంగు మీద తెల్లపట్టీల చేపలు రెండు, పుట్టగొడుగుల్లా ఊగే పగడపు జీవులు నాలుగు, చిల్లుల రాళ్ళు, సంచెడు ఉప్పు.

మా అత్త ఆ ఉప్పు సంచిని, చేపల్ని మార్చి మార్చి చూసింది.

"పుట్టినప్పటి నుంచీ ఉప్పులోనే నానుతాండాయా? మేలే లేప్పా. పులుసు పెట్టేటప్పుడు ఉప్పు ఎయ్యే పన్లే."

"అమా, అవి తినేటివి కాదు."

"తినేటివి కాకుంటే ఇంట్లోకి యాల తెచ్చినావు?"

నాకు మాత్రం ఆ తొట్టి దేవుడు పంపినట్టు వచ్చింది. మా పాపకు మూడేళ్ళు. అన్నం గిన్నె కనపడితే చాలు, మంచం కిందికి దూరేది. బిడ్డ చిక్కిపోతోందని నాకు దిగులు. ఫోన్‌లో చూసి క్యారెట్టు, పెసరపప్పు, బియ్యం మెత్తగా ఉడికించి, కారం లేకుండా, ఉప్పు తగిలీ తగలకుండా పెట్టేదాన్ని. రెండు ముద్దలు దిగేసరికి నాకు ఏడుపొచ్చేది. తొట్టి వచ్చాక పాప దాని పక్కన పీట వేసుకుని, "నేనే తింటా, నువ్వు పో" అంది. పావుగంటకు గిన్నె ఖాళీ! నెల తిరిగాక డాక్టరు తూకం వేసి, "బిడ్డ బాగుందమ్మా, నువ్వే కొంచెం తిను" అన్నాడు. క్యారెట్టుకు మనసులోనే దండం పెట్టుకున్నాను.

రెండు నెలలు గడవకముందే తొట్టిలో పాచి మొదలైంది. ముందు రాళ్ళ మీద పచ్చటి నూగు. వారానికి అది దారాలైంది. ఇంకో వారానికి జడ వేయవచ్చు అన్నట్టు పెరిగి, పగడపు జీవుల మీద పడింది. వాటికి వెలుతురు అందక ముడుచుకున్నాయి. మా ఆయన పాత పళ్ళ బ్రష్షుతో రాళ్ళు తోమాడు, తొట్టి మీది దీపం వెలిగే గంటలు తగ్గించాడు, పాచిని మేసే నత్తల్ని తెప్పించాడు. వారం వారం కొంత నీళ్ళు తీసి, శుద్ధి చేసిన నీళ్ళలో ఉప్పు కలిపి పోశాడు. తోమిన చోటే మళ్ళీ వచ్చేది.

ఆయనకు విసుగొచ్చింది. "నెలాఖరు దాకా చూస్తా. పోకుంటే జమ్మలమడుగులో మావోడికి ఇచ్చేస్తా. ఎప్పటి నుంచో అడుగుతాండాడు."

తొట్టి పోతే పాప తిండి మళ్ళీ మంచం కిందికి పోతుంది. ఆ రోజు నుంచి పాచికీ నాకూ పోరు.

నేను డిగ్రీలో కెమిస్ట్రీ చదివాను. మిగిలిన తిండి కుళ్ళితే నీళ్ళలో ఫాస్ఫేటు చేరుతుంది, పాచికి అదే ఎరువు. చిన్న గాజు గొట్టంలో తొట్టి నీళ్ళు పోసి మందు చుక్కలు వేస్తే నీలంగా మారతాయి. నీలం ఎంత ముదిరితే ఫాస్ఫేటు అంత ఎక్కువ. బిడ్డ జ్వరం చూసినట్టు రోజూ చూశాను. నోటుబుక్కులో ఎడమ పేజీలో పాప ఏం తిన్నదీ, కుడి పేజీలో నీలం ఎంతుందీ రాశాను. చేపల మేత సగానికి కోశాను. నీలం తగ్గలేదు.

"నువ్వే దొంగగా మేత ఏస్తాండావు" అన్నాడు మా ఆయన.

"నేనా? నీ చెయ్యే పెద్దదప్పా, చిటికెడంటే గుప్పెడు పడ్తాది."

మా అత్త పక్కనే చెనక్కాయలు ఒలుస్తూ కూర్చుంది. ఏ మాటకైనా మాట వేసే మనిషి, ఆ రోజు తల ఎత్తలేదు. నాకు అప్పుడే అనుమానం రావలసింది.

మధ్యలో పులివెందులలో మా పుట్టింటికి వారం రోజులు పోయాము, నేనూ పాపా. అక్కడ పాప నా క్యారెట్టు గిన్నెను చూసి మంచం కిందికి దూరింది. మా అమ్మ ఎంత బుజ్జగించినా, "అవ్వ సంగటి కావాల" అని ఒకటే పాట. మా ఆయన రోజూ ఫోన్లో సంబరపడ్డాడు. "మే, నీలం తగ్గుతాంది! పాచి తెల్లబడతాంది!"

తిరుగు బస్సులో నోటుబుక్కు తీశాను. ఎడమ పేజీలో "పాప గిన్నెడు తినింది" అని ఎప్పుడు రాసుకున్నానో, ఆ మరుసటి రోజు కుడి పేజీలో నీలం ముదిరింది. ఒకసారి కాదు, ప్రతిసారీ. అంతా నా చేతి రాతే. కెమిస్ట్రీలో నాకు మంచి మార్కులు వచ్చాయని ఇంకెక్కడా చెప్పుకోకూడదనుకున్నాను.

మరుసటి రోజు మధ్యాహ్నం పాపకు గిన్నె ఇచ్చి, మిద్దె మీద బట్టలు ఆరేసి వస్తానని చెప్పి తలుపు చాటున నిలబడ్డాను. తొట్టి మూతకు వెనక మూల, గొట్టం పోయేచోట సందు ఉంది. పాప పీటెక్కి, చెంచాతో క్యారెట్టు ముద్దను ఆ సందులోకి జారవిడుస్తోంది. చేపలు అప్పటికే వచ్చి ఎదురుచూస్తున్నాయి. సగం అవి తిన్నాయి, సగం రాళ్ళ వెనక్కి దిగింది. మా అత్త మిద్దె మెట్లవైపు కాపలా.

"బిరీన కానీ మే, మీయమ్మ వస్తాది."

గిన్నె ఖాళీ కాగానే ఇద్దరూ పెరట్లోకి పోయారు. రాగిసంగటి, చెనక్కాయలూ మిరపకాయలూ నూరిన ఊరిబిండి. కారానికి పాప కళ్ళల్లో నీళ్ళు, ముక్కులో నీళ్ళు. అయినా ముద్ద వెనక ముద్ద. నాలుగు లెక్కపెట్టాను. ఎదురుగా పోయి నిలబడ్డాను.

"ఎన్నాళ్ళ నుంచి అత్తా ఇది?"

మా అత్త ముద్ద చేయడం ఆపలేదు. "తొట్టి వచ్చిన కాడి నుంచి. యాడ పారేస్తే నువ్వు చూస్తావో అని. మొదట్లో వీధి కుక్కకు ఏసినామమ్మా."

"కుక్కకా?"

"అదీ తినకపాయ. ఈ చేపలే మంచియి."

కోప్పడదామనే నోరు తెరిచాను. ఆలోగా పాప ఐదో ముద్ద నమిలి, నా కొంగుకు ముక్కు తుడుచుకుని, "ఇంగోటి పెట్టవ్వా" అంది. మూడేళ్ళలో ఆ మాట నా చెవిన పడడం అదే మొదలు. ఇక ఏం కోప్పడతాను? నేనూ కూర్చుని ఒక ముద్ద తిన్నాను.

ఆ సాయంత్రం రాళ్ళు ఎత్తి చూస్తే వెనకంతా నారింజ రంగు బురద. మా ఆయన అంగడి నుంచి వచ్చేలోగా పైపుతో పీల్చేశాము, నేను తొట్టి దగ్గర, మా అత్త బకెట్టు దగ్గర. నెలాఖరుకు రాళ్ళు తేటపడ్డాయి. పగడపు జీవులు విచ్చుకున్నాయి. మా ఆయన జమ్మలమడుగు స్నేహితుడికి ఫోన్ చేసి, "ఇచ్చేది లేదు మామా, నత్తలంటే నత్తలు! మొత్తం మేసినాయి" అని అరగంట చెప్పాడు. మా అత్త నా వైపు చూసింది. నేను గోడ గడియారం వైపు చూశాను.

పాప ఇప్పుడు తొట్టి ముందే కూర్చుని సంగటి తింటుంది. మూత సందుకు స్పాంజి కుక్కాను. మొన్న గాజుకు ముక్కు ఆనించి చాలాసేపు చూసి, నా దగ్గరికొచ్చింది.

"అమ్మా, క్యారెట్టన్నం చెయ్యవా?"

"నువ్వు తింటావా?"

"నేను కాదు. అవి అడుగుతాండాయి."

నా వంటను నా కూతురు అడిగి చేయించుకోవడం అదే మొదటిసారి. ఒక్క చెంచాడు ఉడికించాను. ఉప్పు మాత్రం వెయ్యలేదు.